నిత్యకృత్యమునందలి పరమార్థము

(పద్మశాలి కుల వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



జీవిత పరమార్థమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘము వారు మమ్ము ఆజ్ఞాపించిరి. బడిపంతుళ్లకు మాటలకు కొదువ యుండదు. ఉన్న కొదువ యెల్ల అర్థమునకే. పూర్వపు నల్లగొండ, మహబూబునగరము జిల్లాల పాఠశాలలలో ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు పద్యములకు తాత్పర్యములు చెప్పితిమి. పద్యమునకు తాత్పర్యము చెప్పుట సులభము. తెల్లవారి లేచి రాత్రి పండుకొను వఱకు గడచు దినమునకు తాత్పర్యము చెప్పుట కష్టము. కావున ఇది పండితుని యుపదేశముగా గాక, మీలో ఒకని మనసులోని మాటగా ఆలకింప వేడుచున్నాము.

కొంతకాలము క్రిందట మా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. హైదరాబాదులో కంప్యూటరు కొలువు చేయుచున్నాడు. జీతమునకు లోటు లేదు. అయినను, "సారూ, దినమంతయు పని చేయుచున్నాను, ఎందులకు చేయుచున్నానో తెలియకున్నది" అని వాపోయెను. ఆ వారముననే మగ్గముపై బ్రదుకు యువకుడొకడు ఆ మాటనే అనెను. వానికి జీతమును అంతంతమాత్రమే. మా సంగతి మాత్రమేమి? ఉద్యోగ విరమణము నొందిన మరునాటి యుదయమున బడిగంట వినబడకపోగా, అరుగుపై కూర్చుండి మేమును ఆ ప్రశ్ననే వేసికొంటిమి. కలవానిని, లేనివానిని, ముసలివానిని సమానముగా బాధించు ప్రశ్న కనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు.

సంస్కృత శాస్త్రగ్రంథములకు ఆరంభమున అనుబంధచతుష్టయము చెప్పుట సంప్రదాయము. విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి అనునవి ఆ నాలుగు. గ్రంథము దేనిని గూర్చినది? దానివలన ఫలమేమి? ఆ ఫలమునకు గ్రంథమునకు గల సంబంధమేమి? అది ఎవరి కొఱకు? ఈ నాలుగింటికి సమాధానము చెప్పిన పిమ్మటనే శాస్త్రకారుడు ముందునకు సాగును. నేడు మనము ఈ నాలుగింటిలో ప్రయోజనము నొక్కదానిని ప్రత్యేకించి పట్టుకొని, "నా జీవితమునకు ప్రయోజనమేమి" యని వెదకుచున్నాము. తక్కిన మూడింటిని విడిచి దీని నొక్కదానిని వెదకిన దొరకదు. మన పని ఎవరిని తాకుచున్నది, ఎవరి శ్రమ మనల తాకుచున్నది అను సంబంధమును కన్నులార చూచిన దినమున ప్రయోజనము తనంతట తానే వచ్చి యెదుట నిలుచును. మేము చెప్పదలచిన మాట ఇదియే. ఇక దీనికి నిదర్శనములు చూపెదము.

మార్కండేయ మహర్షి వంశమున భావనాఋషి యుదయించి, తామరతూడుల నారతో దేవతలకు వస్త్రములు నేసెనని మన కులమున తరతరముల ప్రసిద్ధి. ఆ మార్కండేయుడే భారతమున అరణ్యపర్వమునందు ధర్మరాజునకు ఒక కథ చెప్పెను. కౌశికుడను బ్రాహ్మణుడు వేదాధ్యయనపరుడు. చెట్టు క్రింద వల్లె వేయుచుండగా పైనుండి కొంగ యొకటి రెట్ట వేసెను. ఆతడు కోపముతో చూచినంతనే అది చచ్చి పడెను. పిమ్మట పశ్చాత్తప్తుడై ఊరిలోనికి భిక్షకు పోగా, ఒక యిల్లాలు ఆకలితో వచ్చిన భర్తకు అన్నము పెట్టి, ఆలస్యముగా భిక్ష తెచ్చెను. కౌశికుడు కన్నెఱ్ఱ చేయగా ఆమె, తాను కొంగను కానని చెప్పి, ధర్మము తెలియగోరినచో మిథిలకు పోయి ధర్మవ్యాధుని అడుగుమనెను. ఆ ధర్మవ్యాధుడు మాంసము విక్రయించువాడు. ఆతడు కౌశికుని తన యింటికి గొనిపోయి, సుఖాసనములపై కూర్చున్న వృద్ధులైన తన తల్లిదండ్రులను చూపి, వీరే తన దైవములని చెప్పెను.

ఇంతవఱకు కథను పురాణకాలక్షేపములలో మనమందరమును వినియున్నాము. దీని చివరి భాగమును పలువురు మఱతురు. వేదము చదువుటకై కౌశికుడు తల్లిదండ్రుల యనుజ్ఞ లేక ఇల్లు విడిచిపోయెను. ఆ దుఃఖమున వారు అంధులైరి. మరలి పోయి వారిని సేవింపుమని వ్యాధుడు ఆతనికి బోధించెను. చూపు చేత పక్షిని చంపగలిగిన విద్య, ఇంటిలో కన్నులు పోయిన తల్లిని చూపలేకపోయినది! సోదరులారా, ఈ కథను తరగతిలో ఎన్నియో మారులు చెప్పితిమి గాని, ఆ కౌశికుడు మేమే యని తెలియుటకు మాకు అఱువది యేండ్లు పట్టినది.

మా తల్లి ఆసు పోసెడిది. ఈ సభలో ఆసు నెఱుగనివారు అరుదు. అయినను పట్టణములలో పుట్టిన పిల్లల కొఱకు చెప్పుచున్నాము. చిటికి చీరకు నూలును కట్టి రంగులద్దుటకు ముందు, ఒక ప్రక్కనున్న మేకు నుండి, ఎదుట అర్ధచంద్రాకారమున వరుసగా నాటిన మేకులకు దారమును ఒక్కొక్కటిగా పోయవలెను. చేయి గజము మేర అటునిటు ఆడుచునే యుండవలెను. ఒక్క చీరకు ఇట్లు తొమ్మిది వేల మారులు. దినమునకు రెండు చీరలకు పోసినచో 18,000 మారులు. ఒక చీరకు నాలుగైదు గంటలు పట్టును. ఈ పని తరతరములుగా మన యింటి యాడువారిది. మగ్గము ముందు కూర్చున్నవానికి నేతగాడని పేరు కలదు. ఆసు ముందు కూర్చున్నదానికి పేరు లేదు.

మేము ఓరియంటల్ కళాశాలకు పోవు దినములలో, సెలవులకు ఇంటికి వచ్చి, అరుగుపై కూర్చుండి అమరకోశము వల్లె వేయుచుంటిమి. సాయంకాలము మా తల్లి ఆసు చాలించి వచ్చి, "కొడుకా, జర నా జబ్బ వత్తరాదురా" అనెను. పాఠము ముగియనిమ్మని మేము చెప్పితిమి. పాఠము ముగియలేదు. ఆమె కొంతసేపు నిలుచుండి, తన చేతితో తానే భుజము వత్తుకొనుచు లోపలికి పోయెను. మఱల ఎన్నడును అడుగలేదు. నేడామె లేదు. భుజమునకు గల పర్యాయపదములన్నియు మాకు నాడు కంఠస్థములు. ఆ భుజమును ముట్టలేదు. ఇది మా యింటి కథ. ఇచ్చట చెప్పుటకు సిగ్గుపడుచునే చెప్పుచున్నాము.

ఇట్టి భుజమునే మఱియొక కుమారుడు చూచెను. ఆలేరు దగ్గఱి శారాజీపేట వాస్తవ్యుడు చింతకింది మల్లేశము. ఆతడు ఆఱవ తరగతితో చదువు చాలించెను. తల్లి లక్ష్మమ్మ ఆసు పోసి పోసి భుజము నొప్పిచే బాధపడుచుండగా, ఈ చేతికి విశ్రాంతి నిచ్చుట ఎట్లని ఆతడు ఆలోచించెను. 1992లో పనికి పూనుకొనెను. యంత్రశాస్త్రము చదివినవాడు కాడు. చేత సొమ్ము లేదు. ఒక్కొక్క భాగమును చేసి, చెడగొట్టి, మఱల చేసెను. నవ్వినవారు నవ్విరి. చిట్టచివరి చిక్కు విడిపోక, హైదరాబాదు చేరి విద్యుత్తు పనులలో కూలికి కుదిరెను. అచ్చట బాలానగరమున ఒక కార్ఖానాలో పని చేయుచుండగా, ఒక యంత్రపు కదలికయందు తనకు కావలసిన కదలిక కనబడెను. 1999లో ఆసు యంత్రము సిద్ధమయ్యెను. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసుయంత్రమనెను. నాలుగైదు గంటల పని గంటన్నరలో ముగియసాగెను. 2011లో ఆ యంత్రమునకు పేటెంటు లభించెను. 2017లో భారత ప్రభుత్వము ఆతనిని పద్మశ్రీ బిరుదముతో గౌరవించెను.

మీరు ఒక్క సంగతి గమనింపుడు. ఆతడు "నా జీవిత పరమార్థమేమి" యని ప్రశ్నించి బయలుదేరలేదు. తల్లి చేతికి విశ్రాంతి ఎట్లని ప్రశ్నించెను. ఆ ప్రశ్నతో ఏడేండ్ల దినములన్నియు ఒక్క పడుగునకు ఎక్కినవి. బాలానగరపు కూలిపని సైతము ఆతనికి వ్యర్థము కాలేదు. ఏలయన ఆతని కన్ను అచ్చటను తల్లి చేతి కదలికనే వెదకుచుండెను. మేము, మల్లేశము, ఇరువురము నేతగాని యింటనే పుట్టితిమి. ఇరువురి తల్లులును ఆసు పోసినవారే. మాకు చదువు కలదు, ఆతనికి చూపు కలదు. బిరుదము చూపునకు వచ్చినది; అది న్యాయమే.

ఇది సొంత తల్లి విషయము కనుక సహజమని యెవరైన అనవచ్చును. కన్నతల్లి కానివారి యవసరము వినిన మాత్రమున ఒకని జీవితము మలుపు తిరిగిన దృష్టాంతము కూడ మన ప్రాంతముననే కలదు. 1951 ఏప్రిలు నెలలో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చి, అటనుండి కాలినడకను తెలంగాణమున సంచరింప బయలుదేరెను. ఏప్రిలు 18వ తేదీన పోచంపల్లి చేరి, దళితవాడకు పోయి, మీకు ఏమి కావలెనని అడిగెను. నలువది కుటుంబముల వారు తమకు 80 ఎకరముల భూమి కావలెననిరి. దానిని ఇయ్యగలవారు ఎవరైన కలరా యని ఆయన సభను అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరు ఎకరములు ఇచ్చెదననెను. ఉదయమున ఊరు ప్రవేశించినపుడు భూదానమను మాట వినోబా మనసున లేదు. సాయంకాలమునకు ఆయన జీవితమునకు ఒక పని దొరకినది. పదుమూడేండ్లు ఆ పనిపై దేశమంతయు నడచెను. ఒక వాడలో నిలిచి, ఒక ప్రశ్న యడిగి, సమాధానమును చెవి యొగ్గి వినినందువలన ఇది జరిగెను.

దీనికి మఱియొక ప్రక్క కలదు. దానిని దాచుట బడిపంతులకు తగదు. దేశమున దానపత్రములకెక్కిన భూమి యంతయు పేదల చేతికి చేరలేదు. కొంత సాగునకు పనికిరానిది, కొంత వ్యాజ్యములలో చిక్కినది, కొంత పంపకమే కాలేదు. సంకల్పము ఒక్క దినమున పుట్టవచ్చును; దానిని నెఱవేర్చు పని మాత్రము నిత్యము జరుగవలెను. కొలతలు కొలిచి, పట్టాలు వ్రాసి, కచ్చేరికి పదిమారులు తిరుగు సామాన్యులు లేనిచోట మహాసంకల్పమును కాగితముననే యుండిపోవును. పరమార్థము లేని నిత్యకృత్యము విసుగు పుట్టించును. నిత్యకృత్యము లేని పరమార్థము మాటగా మిగులును.

ఇక మగ్గముపై నున్న యువకుడు మమ్మడిగిన ప్రశ్నకు రావలెను. "సారూ, పరమార్థము ఉప్పు పప్పు తెచ్చునా?" అని ఆతడడిగెను. తేదు. అప్పుల భారమునకు తాళలేక మన నేతన్నలలో ప్రాణములు తీసికొన్నవారు కలరు. అట్టి యింటి గడపలో నిలిచి పరమార్థమును గూర్చి ప్రసంగించుట పాపము. చేనేతకు ప్రత్యేకించిన వస్త్రములను మరమగ్గములపై నేయరాదని 1985లోనే చట్టము పుట్టెను. అయినను చిటికి నమూనాను యంత్రముపై అచ్చు వేసి చవుకగా అమ్మువారు అమ్ముచునే యున్నారు. పోచంపల్లి చిటికికి 2005 నాటికి, గద్వాల చీరకు 2010లో, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించెను. ఊరి పేరునకు రక్షణ దొరకినది, సంతోషము. కాని ఆ ముద్ర తనంతట తానే నేతగాని కూలిని పెంచదు. కూలిని అడిగి తెచ్చుకొనవలెను. ఒంటరిగా అడిగిన దొరకదు. కనుకనే 1969లో తెలంగాణము కొఱకు మంత్రిపదవిని త్యజించిన మన కొండా లక్ష్మణ్ బాపూజీ చేనేత సహకార సంఘముల నిర్మాణమునకు తన జీవితమున అంతటి కాలమును వెచ్చించెను. తోటివాని యాకలి తన సంబంధమని యెంచుటయే సహకారము.

అట్లే మఱియొక మాట. పరమార్థము పేరు చెప్పి, "కులవృత్తి మీ ధర్మము, మగ్గము విడువరాదు" అని పిల్లలను కట్టివేయుట మాకు సమ్మతము కాదు. వ్యాధుని కథలో మేము గ్రహించునది తండ్రి వృత్తిని పట్టుకొని వ్రేలాడుమని కాదు. ఇంటిలోని మనుష్యుని చూడుమని. నేయువాడు నేయవచ్చును, వైద్యము చేయువాడు చేయవచ్చును, కంప్యూటరు కొలువు చేయువాడు చేయవచ్చును. మా శిష్యునితో మేము చెప్పినదియు ఇదియే: "నాయనా, నీవు వ్రాయు లెక్కలు చివరకు ఏ మనుష్యుని యెదుట తెఱచుకొనునో ఒక్కమారు కనుగొనుము." కొన్ని నెలలకు వాడు మఱల వచ్చెను. తాను చేయునది ఆసుపత్రిలో చీటీలిచ్చు యేర్పాటులోని భాగమట. ఒక సెలవునాడు పోయి ఆసుపత్రి వరుసలో నిలుచుండెనట. అక్షరములు చిన్నవై ముసలివారు చదువలేకున్నారని చూచి, పైవారికి చెప్పి, పెద్దవి చేయించెనట. ఇంత చిన్న సంగతిని చెప్పునపుడు వాని ముఖము, పదవ తరగతిలో మొదటివాడుగా నిలిచినప్పటి ముఖమువలె నుండెను. కొలువు మారలేదు, జీతము మారలేదు. చూచిన చోటు మారినది.

మా సంగతియు విన్నవించి ముగింపునకు వచ్చెదము. విరమణానంతరము కొన్నాళ్లు మేము ఊరక యుంటిమి. ఒకనాడు ప్రక్కవీధి ముసలమ్మ ఒకతె పింఛను కాగితమును తెచ్చి చదివి చెప్పుమనెను. చదివి చెప్పి, దరఖాస్తు వ్రాసి యిచ్చితిమి. మరునాడు మఱియిద్దఱు వచ్చిరి. ఇప్పుడు ప్రతిదినము సాయంకాలము మా యరుగుపై గంటసేపు ఈ పనియే. అమరకోశము వల్లించిన నోటితో బ్యాంకు కాగితములు చదువుచున్నాము. సమాసములు విడదీసిన బుద్ధితో వడ్డీలెక్కలు విడదీయుచున్నాము. ఆసు పోసి వంగిన భుజములు ఆ యరుగుపై మా ప్రక్కన కూర్చుండును. నాడు ముగియని పాఠము నేడు కొంచెము కొంచెముగా చదువుచున్నామని మా నమ్మకము.

మహాసభ వారికి మూడు విన్నపములు. మొదటిది: ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, రంగులద్దువారు ఎవరెవరో ప్రతి యూరి సంఘమును విచారించి, నేతగాని పేరుతోబాటు వారి పేర్లను పుస్తకమునకెక్కించి, వారి శరీరమున ఏ భాగము నొచ్చుచున్నదో అడుగవలెను. ఆ నొప్పుల పట్టికయే రాబోవు సంవత్సరమునకు మన కార్యక్రమము. రెండవది: సంఘము విద్యార్థివేతనము నిచ్చు బాలబాలికలు సెలవులలో కొన్ని దినములు పుట్టపాకలోనో, కొయ్యలగూడెములోనో, గద్వాలలోనో, నారాయణపేటలోనో ఒక నేతయింట గడపవలెను, నేత నేర్చుటకు గాదు, చూచుటకు. మూడవది: ఉద్యోగములు విరమించిన మావంటివారు దినమునకు ఒక్క గంట అరుగుపై కూర్చుండవలెను. ఆ యరుగు మన కులము వారికి మాత్రమే కాగూడదు. పత్తి పండించినవాడు మనవాడు కాడు. చీర కట్టునది మన యాడుబిడ్డ మాత్రమే కాదు. మన వస్త్రమునకు లేని కట్టుబాటు మన మనసునకు ఏల?

గద్వాల చీరను మీరెల్లరును ఎఱుగుదురు. దాని ఒడలు నూలు, అంచు పట్టు. రెండింటి పడుగులును వేఱు. నేయునపుడు ఒడలి పోగును అంచు పోగుతో ప్రతి వరుసయందును మెలివేసి కలుపవలెను. పలుచోట్ల ఇందులకు మగ్గముపై ఇద్దఱు కూర్చుందురు. ఆ కలయిక ఒక్క వరుసలో తప్పినను అచ్చట చీర విడిపోవును. మన నిత్యకృత్యము నూలువంటిది, పరమార్థము పట్టువంటిది. ఏటికొకమారు ఇట్టి సభలలో పట్టును చూచి మురిసినంతమాత్రమున చీర కాదు. దినదినమును, వరుసవరుసను, ఒక్కొక్క పోగుగా కలుపుకొనవలెను. ప్రక్కన మఱియొకని కూర్చుండబెట్టుకొని కలుపుకొనవలెను.

నేడు ఇండ్లకు పోయిన పిదప, ఈ యుపన్యాసము బాగున్నదని గాని బాగులేదని గాని తలపవలదు. మీ యింటిలో ఎవరి భుజము నొచ్చుచున్నదో ఒక్కమారు అడుగుడు. మాకు అడుగు భాగ్యము తప్పిపోయినది, మీకింకను కలదు.